పొట్ట లోపలికి లాక్కోవాలా, బిగించాలా?

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ చుట్టూ పొద్దున్నే నడిచే తెలుగువాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. ఈ నెలలోనే ముగ్గురు నన్ను ఇదే అడిగారు: "అక్కా, పొట్ట తగ్గాలంటే రోజంతా లోపలికి లాక్కుని ఉండాలా, బిగించి ఉండాలా?" రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. నడుం నొప్పి వచ్చినప్పుడు నేను రెండూ నేర్చుకున్నాను, ఒకటి వదిలేశాను.

రెండిట్లో ఏదీ కొవ్వు కరిగించదు. అది తిండి, నడక చూసుకునే పని. మన దక్షిణాసియా వాళ్ళకు పెట్టిన హద్దు మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల నడుము చుట్టుకొలత. అది దాటితే ముందు కంచం సంగతి చూడాలి. కానీ గంటల తరబడి కుర్చీలో కూర్చునేవాళ్ళలో కొంత పొట్ట కొవ్వు వల్ల కాదు, కండరాలు వదులై, నడుము ముందుకు వంగి నిలబడటం వల్ల కనిపిస్తుంది. ఈ అలవాటు పనికొచ్చేది అక్కడే.

బొడ్డును వెన్ను వైపు లాక్కుంటే ముఖ్యంగా పనిచేసేది ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. పొట్టలో అన్నిటికన్నా లోపలి కండరం, నడికట్టులా చుట్టూ ఉంటుంది. మనం చెయ్యి ఎత్తేముందే అది బిగుస్తుందనీ, నడుం నొప్పి ఉన్నవాళ్ళలో ఆలస్యంగా బిగుస్తుందనీ 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ చూపించారు. ఆ కండరాన్ని విడిగా మేల్కొలపాలన్న పద్ధతికి దాంతో మంచి ఊపొచ్చింది. బిగించడం అంటే లోపలికి లాక్కోకుండా, ఎవరో పొట్టలో వేలితో పొడవబోతున్నట్టు ముందు, డొక్కలు, వెనక అన్నీ కలిపి గట్టిపరచడం. కెనడాలో వెన్ను మీద దశాబ్దాలు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ దీన్నే సమర్థిస్తాడు. వెన్నుకు చుట్టూ ఆసరా దొరుకుతుందని ఆయన వాదన.

నా లెక్కలో ఇక్కడ తేల్చేది ఊపిరి. పొట్ట లోపలికి పీల్చుకుని రెండు నిమిషాలు నడిచి చూడండి. భుజాలు పైకి లేస్తాయి, ఊపిరి ఛాతీ పైభాగానికే పరిమితమవుతుంది, నాలుగు మాటలు వరసగా మాట్లాడలేరు. నేను ఆఫీసులో అలాగే కూర్చునేదాన్ని, సాయంత్రానికి మెడ పట్టేసేది. అదే పనిగా పీల్చి ఉంచితే ఒత్తిడి కిందికి కూడా పోతుంది. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క పడే ఆడవాళ్ళకు అది అస్సలు మంచిది కాదు. మెల్లగా బిగించినప్పుడు మాత్రం పక్కటెముకలు పక్కలకు విచ్చుకుంటూనే ఉంటాయి, పక్కవాళ్ళతో కబుర్లు చెప్పొచ్చు. ఊపిరి ఆడనిది ఎంత మంచి కసరత్తయినా అలవాటుగా నిలవదు.

అలాగని రోజంతా బిగించక్కర్లేదు. పనిని బట్టి బిగింపు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ డిస్పెన్సర్ మీద పెట్టేటప్పుడు చూడండి: పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, వేళ్ళు డొక్కల్లో గుచ్చితే బయటికి తోసేంతగా బిగించి, ఊపిరి వదులుతూ లేవాలి. ఇరవై కిలోల బరువది. అవుటర్ రింగ్ రోడ్డులో బస్సు రాడ్ పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ బిగింపులో పదోవంతు చాలు. బ్రేక్ పడగానే ఒళ్ళు తూలకపోతే సరిగ్గా చేస్తున్నట్టే. నేను గుర్తుకు పెట్టుకున్నవి మూడే: లిఫ్ట్ తలుపు మూసుకున్నప్పుడు, కుర్చీలోంచి లేస్తున్నప్పుడు, బకెట్ ఎత్తేటప్పుడు. అలారం పెట్టుకుని చేసినప్పుడు నాలుగు రోజులకే మానేశాను. ఈ మూడూ రోజూ వాటంతటవే ఎదురొస్తాయి కాబట్టి నిలిచింది.

లాక్కోవడం దండగ అనను. లోపలి కండరం ఎక్కడుందో తెలియనివాళ్ళు మొదటి రెండు వారాలు అదే చెయ్యాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, తుంటి ఎముకలకు కాస్త లోపలగా వేళ్ళు ఆనించి, 'స్‌స్' అంటూ ఊపిరి వదలండి. వేళ్ళ కింద సన్నగా బిగుసుకునేదే అది. అది తెలిశాక బిగించడం సులువు. యోగాలో పొట్ట లోపలికి లాక్కునే ఉడ్డియాన బంధం వేరే సంగతి. ఖాళీ కడుపుతో, ఊపిరంతా వదిలి, కాసేపు చేసేది. నడుస్తూ చేసేది కాదు.

మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళు నిటారుగా ఆపే ప్లాంక్ మంచిదే, కానీ నిమిషంలో అయిపోతుంది, మిగతా రోజు సంగతి అది చూడదు. పడుకుని తల, భుజాలు పైకి లేపే క్రంచెస్ పొట్ట ముందువైపు కండరానికే, నడుం నొప్పి ఉంటే వద్దు. చెమట బెల్టులకు డబ్బు పెట్టకండి, తగ్గేది నీరే.

సిజేరియన్ అయినవాళ్ళు, కాన్పు తర్వాత పొట్ట మధ్య కండరాలు విడిపోయినవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు ముందు ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోవాలి. బీపీ ఉన్నవాళ్ళు క్యాన్ ఎత్తేటప్పుడు ఊపిరి అస్సలు బిగబట్టకూడదు. పైకి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ లేవండి.