బీపీ మాత్ర మంచిదే, ఆ రేకు స్ట్రిప్‌తోనే నా గొడవ

మందు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. టెల్మిసార్టన్ 40 చాలా ఏళ్లుగా వేసుకుంటున్నాను, బీపీ అదుపులోనే ఉంది. నా కోపమంతా ఆ మాత్రను మూసిపెట్టిన స్ట్రిప్ మీద. రెండు వైపులా వెండి రంగు రేకు ఉంటుందే, మెడికల్ షాపుల్లో అలు-అలు అంటారే, అదే.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. గంట దాటితే గానీ పిడికిలి పట్టదు. ఈ జబ్బున్న చాలామందిది ఇదే కథ. డాక్టరేమో బీపీ మాత్ర పొద్దున్నే వేసుకోమన్నారు. అంటే రోజంతటిలో నా చేతులు అస్సలు మాట వినని వేళకే ఈ రేకుతో పని పడుతుంది. సాయంత్రం ఇదే స్ట్రిప్‌ను ఇస్తే కాస్త కష్టపడైనా తీయగలను.

ఒక రోజైతే ఏడుపొచ్చింది. మావారు పెళ్లికని ఊరెళ్లారు, ఇంట్లో నేనొక్కదాన్నే. షాపులో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్‌లో చివరి మాత్రలు మిగిలాయి. పట్టుకోవడానికి అంచు కూడా లేదు. బొటనవేలితో నొక్కితే బుడిపె లోపలికి అణిగిందే గానీ వెనక రేకు చిరగలేదు. కత్తెర తీసుకుంటే వాచిన కణుపు దాని రింగులో దూరలేదు. చివరికి స్ట్రిప్‌ను గట్టు మీద పెట్టి గరిట కాడతో నొక్కాను. రేకు చిరిగింది, మాత్ర కూడా నలిగిపోయింది. సగం పొడి రేకులోనే ఉండిపోయింది, మిగిలింది నేలపాలు. నోట్లోకి ఎంత వెళ్లిందో తెలియదు. ఇంకోటి వేసుకుంటే బీపీ మరీ పడిపోతుందేమోనని భయం, మానేస్తే పెరుగుతుందేమోనని టెన్షన్. డాక్టరుకు ఫోన్ చేస్తే ఆ రోజుకు ఊరుకోమన్నారు. రేకు అంచు గీసుకుని తెగిన బొటనవేలు సంగతి అప్పటిదాకా చూసుకోనేలేదు.

ఈ స్ట్రిప్‌ను మొదట్లో నేనే మెచ్చుకున్నాను. మాది కాకినాడ. వానాకాలంలో ఇక్కడ డబ్బాలో ఉప్పు కూడా నీరు కారుతుంది. టెల్మిసార్టన్ గాలిలో చెమ్మను లాగేసుకునే మందు, అందుకే దానికి అంత గట్టి రేకు. వేసుకునే ముందు వరకూ బయటికి తీయకూడదు. ఆ రక్షణ అవసరమేనని ఇప్పటికీ అంటాను, కాకపోతే వేళ్లు బాగున్నవాళ్ల సంగతి అది. వారానికి సరిపడా మాత్రలు సర్దుకునే డబ్బాను మా అమ్మాయి కొనిపెట్టింది. మిగతా మాత్రలకు హాయిగా ఉంది, దీనికి మాత్రం పనికిరాదు.

మాత్రలు తీయడానికి ఆన్‌లైన్‌లో ఒక ప్లాస్టిక్ పరికరం తెప్పించుకున్నాను. పారదర్శకంగా ఉండే మామూలు ప్లాస్టిక్ స్ట్రిప్‌లకు బాగానే పనిచేస్తుంది. కత్తిరించిన రేకు ముక్క అందులో నిలవదు, జారిపోతుంది. దానికంటే తాళంచెవి నయం. వెనక రేకు మీద, బుడిపె అంచు దగ్గర తాళంచెవి మొనతో చిన్న చిల్లు పొడిచి నొక్కితే అంత బలం అక్కర్లేదు. చిల్లు పొడిచాక మాత్రను వెంటనే వేసుకోవాలి.

న్యూజెర్సీలో అమ్మాయి దగ్గరున్నప్పుడు యాంటీబయోటిక్ సీసా ఒకటి ఇచ్చారు. నొక్కి తిప్పితేనే వచ్చే మూత. చిన్నపిల్లలు తెరవకూడదని అక్కడ 1970లోనే చట్టం చేశారట. ఆ మూతలను పిల్లలతోనే కాదు, 50 నుంచి 70 ఏళ్ల వాళ్లతో కూడా తెరిపించి చూస్తారు. పెద్దవాళ్లు అడిగితే మామూలు మూత వేసిస్తారు. నేను అడిగాను, ఇచ్చారు.

మన స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ధర అన్నీ ఉంటాయి. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల ప్యాకింగ్‌పై క్యూఆర్ కోడ్ కూడా తప్పనిసరి చేశారు. మంచిదే. ఒక మూల పట్టుకుని ఒలిచేందుకు కాస్త అంచు కూడా వదిలితే నాలాంటి వాళ్లకు ఎంత మేలు! బీపీ మాత్రలు వేసుకునేవాళ్లలో పెద్ద వయసు వాళ్లే ఎక్కువ కదా.

మావారు ఇదే స్ట్రిప్‌ను ఒక్క వేలితో తీసేస్తారు. ఆయనను అడిగితే నాలుగు స్టార్లు ఇస్తారేమో. నేను రెండే ఇస్తాను, అవి కూడా చెమ్మ చేరనివ్వనందుకు. ఈమధ్య డాక్టరుతో నా వేళ్ల సంగతి చెప్పాను. ఈ మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకుంటే చాలు, రాత్రి అయినా ఫర్వాలేదన్నారు. అప్పటినుంచి భోజనం అయ్యాక వేసుకుంటున్నాను, చాలావరకు నేనే తీసుకోగలుగుతున్నాను. మీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు కూడా కలిసి ఉంటే రాత్రిళ్లు లేవాల్సి వస్తుంది. కాబట్టి వేళ మార్చే ముందు మీ డాక్టరును తప్పకుండా అడగండి.