గురువారం క్లినిక్: మా తమ్ముడి కోసం ఏడాదిగా వెళ్తున్నాం

తమ్ముడి మానసిక జబ్బుకి చూపిస్తున్న ఈ క్లినిక్‌కి నేనిచ్చేది 5కి 4. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాస్తాను. మేం ఉండేది బోరబండ వైపు. క్లినిక్ పేరు రాస్తే మా ఇల్లు గుర్తుపడతారు, తమ్ముడికి ఇంకా పెళ్లి కావాలి, అందుకే రాయడం లేదు.

వాడికి 24 ఏళ్లు. నిరుడు ఎండాకాలంలో నిద్ర పూర్తిగా పోయింది. పక్కింటాయన మా ట్యాంకులో మందు కలుపుతున్నాడని మొదలుపెట్టి, ఒకరోజు ఆయన మెట్లు దిగుతుంటే కాలర్ పట్టుకున్నాడు. ఆయనకి దెబ్బ తగల్లేదు కానీ గల్లీ అంతా ఒకటే మాట, "ఎర్రగడ్డల ఏసి రండి, లేకుంటే ఎవర్నన్న చంపుతడు" అని. తర్వాతి వారం అదే గల్లీ కుర్రాళ్లు వాణ్ని కొడితే పెదవికి మూడు కుట్లు పడ్డాయి. దాని గురించి మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

ముందు ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే, చెయ్యి చేసుకునేవాళ్లని చేర్చుకోమని గేటు దగ్గరే పంపించేశారు. ఆ రాత్రి రెండింటికి 14416కి ఫోన్ చేశాను. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. వాడి చేతిలో ఏమైనా ఉందా, తాగుతాడా, గంజాయి ఉందా అని నెమ్మదిగా అడిగారు. అలా తెల్లారాక ఈ క్లినిక్‌కి చేరాం.

ఇక్కడ డాక్టర్ కంటే నాకు ఎక్కువ నచ్చింది సోషల్ వర్కర్ మేడం. రెండో వారమే ఇంటికొచ్చి, వాడితో "ఎవరంటే భయం తమ్ముడూ?" అని అడిగారు. కోపం గురించి కాదు, భయం గురించి. వాడు అప్పటిదాకా మాతో చెప్పనిదంతా ఆవిడకి చెప్పాడు. తర్వాత అమ్మని కూర్చోబెట్టి, నిద్ర తగ్గినా, అన్నం వాసన చూసి పక్కన పెట్టినా గురువారం దాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చెయ్యమని చెప్పారు. రోజూ మాత్రలు మింగనని మొండికేస్తే నెలకో ఇంజెక్షన్‌కి మార్చారు. అప్పట్నుంచి గొడవ ఒక్కటి కూడా లేదు.

క్లినిక్‌లో కూడా గంజాయి గురించి అన్నిసార్లు ఎందుకు అడుగుతున్నారని అడిగితే, 1998లో అమెరికాలో వెలువడిన మెక్‌ఆర్థర్ పరిశోధన గురించి చెప్పారు. మానసిక ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లలో మత్తు అలవాటు లేనివాళ్లు, అలాంటి అలవాటు లేని ఇరుగుపొరుగు కంటే ఎక్కువ హింస చేయలేదట. మత్తు ఉంటే మాత్రం ప్రమాదం పెరిగింది. మా గల్లీలో అందరికీ ఈ మాట వినిపించాలని ఉంది.

ఇంకో మంచి పని, చట్టం వివరించారు. ఇలాంటి జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం అనిపించిన మనిషిని పోలీసులు తీసుకెళ్తే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. నేను ఆ సెక్షన్ 100ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒకటి. ఏడాదిలో డాక్టర్లు ముగ్గురు మారారు, ప్రతిసారీ మొదట్నుంచి కథ చెప్పాలి, తమ్ముడికి అది నరకం. దీపావళి ముందు ఇంజెక్షన్ స్టాక్ లేదని పది రోజులు తిప్పారు. ఆ పది రోజులూ వాడు మళ్లీ ట్యాంకు మూత తీసి చూడటం మొదలుపెట్టాడు, మాకు ప్రాణం చేతిలో పట్టుకున్నట్టే ఉండింది. జబ్బు ముదిరాక గొడవ జరిగితే పేపర్లో 'ఉన్మాది' అని రాస్తారు, స్టాక్ లేదన్న సంగతి ఎవరూ రాయరు. ఆ మేడం కూడా ఒక్కరే, ఎన్ని బస్తీలు తిరుగుతారు? ఇంకో ఇద్దర్ని వేయమని రాసిచ్చాం, జవాబు రాలేదు.

వెళ్లేవాళ్లు పాత చీటీలన్నీ తీసుకెళ్లండి, తొమ్మిదికల్లా ఉంటే టోకెన్ దొరుకుతుంది. పోయిన గురువారం వాడు ఒక్కడే ఆటోలో వెళ్లి ఇంజెక్షన్ వేయించుకుని, వచ్చేటప్పుడు అమ్మకి మల్లెపూలు తెచ్చాడు.