నల్లగొండలో ఒక వకీలు ఆఫీసు: మా ఇద్దరి కాగితాలు రాయించుకున్న అనుభవం

నల్లగొండ కోర్టుకు దగ్గరలో, మేడ మీద రెండు గదుల్లో నడిచే ఒక వకీలు ఆఫీసులో నేనూ నా సహచరీ 2025 జూన్‌లో మొదలుపెట్టి దసరా దాటిన తరువాత ముగించుకున్న పని, అంటే మా వీలునామాలూ ఆసుపత్రి కాగితాలూ రాయించుకోవడం గురించి ఇక్కడ రాస్తున్నాను. మంచితోపాటు లోపాలు కూడా రాస్తున్నాను కనుక, ఆ ఆఫీసుకు మాలాంటి వాళ్లు ఇంకా వచ్చిపోతున్నారు కనుక, పేరు చెప్పడం లేదు. మేమిద్దరం ఆడవాళ్లం. పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, ఆమెకు ప్రకాశం బజారులో కుట్టుమిషన్ల దుకాణం ఉంది. పానగల్ వైపు ఇద్దరం చెరి సగం డబ్బు పెట్టి కట్టుకున్న ఇల్లు, నకిరేకల్ దగ్గర మా నాన్న నుంచి నాకు వచ్చిన ఎకరంన్నర బత్తాయి తోట, రెండు బ్యాంకు ఖాతాలు, ఒక ఎల్‌ఐసీ పాలసీ: మా ఆస్తి అంతా ఇంతే.

ఈ పని చేయించాలన్న తొందర ఆస్తి వల్ల పుట్టలేదు. రెండేళ్ల కింద అర్ధరాత్రి ఆమెకు అపెండిక్స్ పగిలితే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాను. కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి ఫారం మీద పెన్ను ఆనించి, "ఈమె మీకేమైతది మేడమ్?" అని అడిగాడు. మా ఇంట్ల మనిషి అన్నాను. "అట్ల గాదు, చుట్టరికం ఏందో రాయాలె" అన్నాడు. దేవరకొండ నుంచి వాళ్ల అన్న బండి కట్టుకొని వచ్చి సంతకం పెట్టేదాకా రెండున్నర గంటలు ఆపరేషన్ మొదలుకాలేదు. ఆ గడి ఖాళీగా ఉన్న ఫారం నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది.

వకీలు మేడమ్ మొదటి రోజు మమ్మల్ని ఆస్తి పత్రాలు అడగలేదు. చట్టం మమ్మల్ని ఎక్కడ గుర్తిస్తుందో, ఎక్కడ గుర్తించదో గంటసేపు చెప్పారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు భారత శిక్షాస్మృతి 377 సెక్షన్ నుంచి మా సంబంధాన్ని నేరం కాకుండా తప్పించింది గానీ, 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్వలింగ జంటలకు పెళ్లి హక్కు రాజ్యాంగంలో లేదని, ఆ మార్పు చేయవలసింది పార్లమెంటేనని చెప్పింది. దాని మీద వేసిన రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టుడుపోయాయి. 2025 మే నెలలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడడానికి పెళ్లి ఒక్కటే దారి కాదని, ఎంచుకున్న కుటుంబం అనే మాటకు న్యాయశాస్త్రంలో చోటు ఉందని అన్నది. ఆ తీర్పు చదివి నేను ఎంతో ఆశపడ్డాను. మేడమ్ మాత్రం, అది మనసుకు బలమే గానీ సబ్ రిజిస్ట్రార్ బల్ల మీద ఆమెను మీ భార్యగా నిలబెట్టదు, కనుక భార్యకు చట్టం తనంతట తానే ఇచ్చేవాటిని మీరు ఒక్కొక్క కాగితంగా రాసుకోవాలి అన్నారు. ఆ నిక్కచ్చితనమే మమ్మల్ని అక్కడ నిలిపింది.

వీలునామా లేకపోతే ఏమవుతుందో ఆమె తెల్లకాగితం మీద గీసి చూపించారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పెళ్లికాని స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే, పిల్లలూ భర్తా లేరు కనుక, ఆమె స్వార్జితం తల్లిదండ్రులకు పోతుంది. మా నాన్న లేరు. అంటే ఇంట్లో నా సగం మా అమ్మకు, అమ్మ తరువాత నా తమ్ముళ్లకు చేరుతుంది. పానగల్ ఇంట్లో నా సహచరి తన సగంతో, మిగతా సగానికి వచ్చిన వాటాదారులతో కలిసి ఉండవలసి వస్తుంది. వాళ్లు కావాలనుకుంటే పంపకం దావా వేయవచ్చు. ఇద్దరి పేర్ల మీద రిజిస్ట్రీ ఉంటే ఒకరి తరువాత ఇంకొకరికి మొత్తం వచ్చేస్తుందని నేను పదేళ్లుగా నమ్ముతూ వచ్చాను. అది తప్పని ఆ రోజే తెలిసింది.

బత్తాయి తోట సంగతి వేరు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, పిల్లలు లేని స్త్రీ వీలునామా లేకుండా పోతే, తండ్రి వారసులకే తిరిగి వెళ్తుంది. దాన్ని కూడా వీలునామాతో నా సహచరికి రాయడానికి నాకు హక్కు ఉంది. మేడమ్ ఇక్కడ ఆపి, మీకు ఆ తోట ఎవరికి చెందాలని ఉంది అని అడిగారు. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. నాన్న ఆ తోటకు కాలువ తవ్వేటప్పుడు నా తమ్ముళ్లు కూడా మట్టి మోశారు. తోట తమ్ముళ్ల పిల్లలకు, ఇల్లూ డబ్బూ నా సహచరికి అని రాయించాను. అన్నీ ఆమెకే రాసి ఉంటే రేపు వీలునామా కోర్టుకు ఎక్కినప్పుడు, సొంతవాళ్లను పూర్తిగా ఎందుకు పక్కన పెట్టింది అన్న ప్రశ్న మొదట వస్తుంది. సహజ వారసులను కాదని రాసిన వీలునామా చుట్టూ అనుమానాలు ఉంటే వాటిని తొలగించవలసిన భారం వీలునామా చూపించే మనిషి మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. కనుక సొంతవాళ్లకు ఏమి ఇస్తున్నానో, ఇల్లు ఆమెకే ఎందుకు ఇస్తున్నానో, ఇల్లు కట్టడానికి ఆమె ఎంత పెట్టిందో నా మాటల్లోనే మూడు పేరాలు రాయించారు. ఈ మూడు పేరాల కోసమే ఈ ఆఫీసుకు మళ్లీ డబ్బు ఇమ్మన్నా ఇస్తాను.

ఇంట్లో నా సగాన్ని గిఫ్ట్ డీడ్ చేసి ఇప్పుడే నా సహచరి పేరు మీద పెడదామా అని అడిగితే వద్దన్నారు. చట్టం దృష్టిలో మేము బంధువులం కాము. బంధువు కాని మనిషి నుంచి 50,000 రూపాయలకు మించిన కానుక తీసుకుంటే అది ఆదాయంగా లెక్కకొచ్చి పన్ను పడుతుంది. వీలునామా ద్వారా వచ్చినదానికి ఆ పన్ను లేదు. పైగా వీలునామాను బతికి ఉన్నన్నాళ్లు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, గిఫ్ట్‌ను అలా వెనక్కి తీసుకోలేము.

ఇక లోపం. మొదటి ముసాయిదా చేతికి వచ్చినప్పుడు రెండో పేరాలో ఇలా ఉంది: "వృద్ధాప్యంలో నాకు సేవ చేసిన, నాకు సోదరి వంటి స్నేహితురాలు." నాకు 47 ఏళ్లు. ఎవరో పెద్దావిడ వీలునామాను తెరిచి, పేర్లు మార్చి, టైపు చేసే అబ్బాయి అలాగే ప్రింటు తీసి ఇచ్చాడు. నా సహచరి ఆ కాగితం చదివి మడిచి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా కిటికీలోంచి కోర్టు వేపచెట్టు వైపు చూస్తూ కూర్చుంది. పదకొండేళ్ల తరువాత సోదరి వంటి అనిపించుకోవడం ఆమెకు ఎంత కష్టంగా తోచిందో నాకు తెలుసు. మేడమ్ ఎర్రపెన్నుతో ఆ వాక్యం కొట్టేసి, క్షమించమని అడిగి, ఏమని రాయాలో మమ్మల్నే చెప్పమన్నారు. "నాతో ఒకే ఇంట్లో కాపురం ఉంటున్న నా జీవిత సహచరి" అని రాశారు. ఆ మాట మా మర్యాద కోసమే కాదు, కేసుకు కూడా అవసరం. అబద్ధపు చుట్టరికం, లేని వృద్ధాప్యం రాసిన వీలునామా రేపు కోర్టులో ఎదుటి వకీలు అడ్డుప్రశ్నల ముందు నిలవదు. ఈ తప్పు వల్ల మాకు రెండు వారాలు పోయాయి. ఇంతటి పని చేసే చోట ముసాయిదా కక్షిదారు చేతికి పోయేముందు వకీలు చదవకపోవడం నేను చిన్న లోపంగా తీసుకోను.

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. స్టాంపు కాగితం కూడా అక్కరలేదు. రాసిన మనిషి సంతకం, ఆ సంతకం చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. అయినా మాలాంటి వాళ్లు రిజిస్టరు చేయించుకోవాలని మేడమ్ గట్టిగా చెప్పారు. సబ్ రిజిస్ట్రార్ ఎదుట ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు కనుక, ఆమె సంతకమే కాదిది అనే వాదనకు బలం తగ్గుతుంది. సాక్షులను ఎంచడంలో ఆమె చూపిన జాగ్రత్త చెప్పుకోదగినది. వీలునామా రుజువు చేయాల్సి వస్తే బతికి ఉన్న సాక్షిని ఒక్కరినైనా కోర్టుకు పిలవాలి కనుక, ఇద్దరూ నాకన్నా చిన్నవాళ్లై ఉండాలి, ఈ జిల్లాలోనే ఉండేవాళ్లై ఉండాలి, వీలునామాలో ఏ లాభమూ లేనివాళ్లై ఉండాలి అన్నారు. మా బడి టీచర్లు ఇద్దరు వచ్చారు. నా మతి స్థిమితంగా ఉందని అదే నెలలో పొందిన డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేశాం. ఇద్దరికీ కలిపి ఒకే వీలునామా రాయవద్దని, ఎవరిది వారు విడిగా రాసుకోవాలని చెప్పి, రెండు వేర్వేరు దస్తావేజులు చేయించారు. ఇద్దరం ఒకే ప్రమాదంలో పోతే ఇల్లు ఎవరికి అన్నది కూడా రెండింటిలోనూ రాసి ఉంది.

నామినీల విషయంలో మాకు ఉన్న భ్రమ కూడా అక్కడే తీరింది. నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, యజమాని కాదు అని ఎల్‌ఐసీ పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లో తీర్పు ఇచ్చింది. 2015 సవరణ తరువాత బీమాలో తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే అవుతుంది. మాకు ఆ వరసలో చోటు లేదు. అందుకని పాలసీ నంబరు, ఖాతా నంబర్లు వీలునామాలోనూ రాయించారు. బ్యాంకులో మాత్రం ఇబ్బంది రాలేదు. మాలాంటి వాళ్లు ఉమ్మడి ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసిన కాగితం ప్రతి మేడమ్ మాకు ఇచ్చి పంపారు. నా ఫ్యామిలీ పెన్షన్ సంగతి అడిగితే మాత్రం, అది నిబంధనల్లో చెప్పిన కుటుంబానికే పోతుంది, వీలునామాతో రాసిచ్చే ఆస్తి కాదు అని ఒక్క మాటలో తేల్చేశారు. బాధ కలిగినా నిజం తెలిసింది.

నన్ను ఇక్కడికి నడిపించిన ఆసుపత్రి విషయానికి వస్తే, ఒకరి తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి చాలనుకున్నాను. అది రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగిసిపోతుంది, అంటే సరిగ్గా కావలసిన రోజునే అది పనికిరాకపోవచ్చు అని చెప్పారు. బదులుగా మూడు కాగితాలు చేశారు. ప్రాణాంతక స్థితిలో చికిత్స ఎంతవరకు కొనసాగించాలో, నా తరఫున ఎవరితో మాట్లాడాలో చెప్పే ముందస్తు వైద్య నిర్దేశం మొదటిది. సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023 జనవరిలో సులభం చేసిన ఈ పత్రానికి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతాయి. రెండోది, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద మానసిక అనారోగ్యం వస్తే నా తరఫున నిలబడే మనిషి ఎవరో తెల్లకాగితం మీద సంతకంతో రాసిపెట్టుకునే నామినేటెడ్ ప్రతినిధి పత్రం. మూడోది, ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు నా వివరాలు ఎవరికి చెప్పవచ్చో, ఎవరు సంతకం పెట్టవచ్చో నేనే రాసి నోటరీ చేయించిన లేఖ. ఈ మూడోదానికి ఏ ఆసుపత్రీ కట్టుబడి తీరాలన్న నియమం లేదని మేడమ్ దాచకుండా చెప్పారు. అయినా ఖాళీ గడి ముందు చెయ్యి ఆగిన ఆ అబ్బాయికి చూపించడానికి ఒక కాగితం ఉండటం వేరు.

వైద్య నిర్దేశం ప్రతిని స్థానిక సంస్థలో నియమించిన అధికారికి అందజేయాలి. ఆ పని ఆఫీసు మాకే వదిలేసింది. మేము మూడుసార్లు తిరగవలసి వచ్చింది. ఫీజులో ఇది కూడా ఉందనుకున్నాం. ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఫీజు ఇద్దరికీ కలిపి 18,000 రూపాయలు తీసుకున్నారు, రిజిస్ట్రేషన్, నోటరీ ఖర్చులు వేరు. డాక్యుమెంట్ రైటర్‌తో పోలిస్తే చాలా ఎక్కువే. రసీదు అడగకుండానే ఇచ్చారు. ఇల్లూ పొలమూ ఏమీ లేకుండా ఖాతాలు, ఆసుపత్రి కాగితాలు మాత్రమే కావలసినవాళ్లకు తక్కువలో చేస్తారని తెలిసింది, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక జంట అలాగే చేయించుకొని పోయారు.

మేడమ్ చివరి రోజు, వీలునామా ఉందన్న సంగతి మీ తమ్ముళ్లలో ఒకరికైనా మీరే బతికి ఉండగా చెప్పండి అన్నారు. దానికి నాకు ఇంకో నెల పట్టింది. తోటలో బత్తాయిలు కోయించే రోజున చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పాను. "తోట పిల్లలకు రాసినవ్, చాలక్కా. ఇల్లు ఆమెది గాకుంటే ఎవలది?" అన్నాడు. దస్తావేజుల అసలు ప్రతులు మా బీరువాలో రెండో అరలో, అమ్మ చీరల కింద ఉన్నాయి. తాళం ఎక్కడ పెడతామో ఇప్పుడు వాడికీ తెలుసు.