అగత్తి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఎంత సేపు? దూరాల యాప్ ఐదేళ్లు వాడాక

మా ఇల్లు చెన్నై పల్లావరంలో. తాగునీటి ప్లాంట్లలో పంపులు, మీటర్లు చూసే పని నాది. ఆ పని మీద ఏడాదికి రెండు మూడుసార్లు అటు లక్షదీవుల్లో అగత్తికి, ఇటు అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కి వెళ్తుంటాను. (2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు, నా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది.) రెండు విమానాశ్రయాల మధ్య దూరం, సమయం చెప్పే యాప్ ఒకటి ఐదేళ్లుగా నా ఫోన్‌లో ఉంది.

దూరానికి వంక పెట్టలేం. ఏజీఎక్స్, ఐఎక్స్‌జెడ్ అని కోడ్‌లు కొడితే సుమారు 2,240 కిలోమీటర్లు అంటుంది. అక్షాంశ రేఖాంశాలు తీసుకుని ఓసారి కాగితం మీద నేనే లెక్క కట్టాను, సరిపోయింది.

చిక్కంతా సమయంతోనే. మూడు గంటలు కూడా పట్టదంటుంది. అది పెద్ద జెట్ వేగంతో వేసిన లెక్క. అగత్తి రన్‌వే 1,200 మీటర్ల పైచిలుకే. పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగే పెద్ద జెట్‌లు అక్కడ దిగలేవు, ఏటీఆర్ లాంటి పంకాల విమానాలే దిగుతాయి. అసలు ఈ రెండు దీవుల మధ్య నేరు విమానమే లేదు.

నేను వెళ్లేది అగత్తి, కొచ్చి, చెన్నై, పోర్ట్ బ్లెయిర్ దారిలో. మూడు ముక్కలూ విడివిడిగా కొట్టి చూస్తే దాదాపు 465, 520, 1,370. మొత్తం 2,355. నేరు దారి కంటే నూట పదిహేను కిలోమీటర్లే ఎక్కువ! కొచ్చి, చెన్నై రెండూ ఆ గీతకి అంత దగ్గరగా ఉన్నాయని అప్పటిదాకా నాకు తట్టలేదు. గాల్లో ఉండేది ఐదు గంటలే. అయినా అగత్తిలో బయల్దేరిన రోజే పోర్ట్ బ్లెయిర్ చేరడం నా వల్ల ఒక్కసారీ కాలేదు. అక్కడికి నాకు దొరికేవన్నీ పొద్దుటి విమానాలే, కాబట్టి రాత్రి చెన్నైలో ఆగాల్సిందే. ఇంట్లో అమ్మ చేతి పప్పుచారు తిని పడుకుంటాను, అది వేరే సంగతి.

మొదటిసారి యాప్ గంటలు నమ్మి కొచ్చిలో మారడానికి గంటన్నరే పెట్టుకున్నాను. అగత్తిలో వాన పట్టుకుంది. టికెట్ డబ్బులు పోయాయి, పోర్ట్ బ్లెయిర్‌కి రెండు రోజులు ఆలస్యంగా చేరాను. అక్కడ మీటరు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల ముఖాలు ఇంకా గుర్తున్నాయి.

గాలి సంగతీ యాప్‌కి పట్టదు. నైరుతి రుతుపవనాల కాలంలో మన తలపై, చాలా ఎత్తున, గాలి తూర్పు నుంచి పడమరకి వేగంగా వీస్తుంది. పి. కోటేశ్వరం గారు 1958లో వివరించిన తూర్పు జెట్ ప్రవాహం అదే. ఆ నెలల్లో చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడు తొందరగా దిగుతున్నాం.

యాప్ వాళ్లకి ఒక్కటే రాశాను: రెండు ఊళ్ల మధ్య నేరు సర్వీసు లేనప్పుడు ఆ గంటల అంకె చూపించకండి అని.