ఈఏజీడీ-84: ఏళ్ల తరబడి వాడాక నా అంచనా

సొంత బరువుతోనే నీటిని ఆపే కాంక్రీట్ గ్రావిటీ డ్యామ్ భూకంపానికి ఎలా స్పందిస్తుందో లెక్కించడానికి 1984లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో ఫెన్వెస్, చోప్రా రూపొందించిన ఈఏజీడీ-84 ప్రోగ్రామ్‌ను నేను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఇంతకంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైన ఫైనైట్ ఎలిమెంట్ (నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా, విడగొట్టి లెక్కించే) సాఫ్ట్‌వేర్లు అందుబాటులో ఉన్నా, కొత్త డ్యామ్ సెక్షన్ (అడ్డుకోత) ఏది చేతికొచ్చినా తొలి లెక్క మాత్రం ఇందులోనే వేస్తాను. డ్యామ్, జలాశయం, పునాది శిల అనే మూడింటిలో దేని ప్రభావం ఎంతో విడివిడిగా చూపడంలో దీనికి సాటి రాగలది నాకు తారసపడలేదు.

ముందుగా నీటి సంగతి. వెస్టర్‌గార్డ్ 1933లో ఇచ్చిన సూత్రం ఆధారంగా నీటిని డ్యామ్ ముఖానికి అంటుకుని కదిలే అదనపు ద్రవ్యరాశిగా తీసుకోవడం నేటికీ వాడుకలో ఉంది. ఆ పద్ధతిలో నీటి సంపీడ్యతకు (ఒత్తిడికి కుదించుకుపోయే గుణానికి) చోటు లేదు. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,440 మీటర్లు కాబట్టి, 116 మీటర్ల లోతున్న జలాశయపు మొదటి సహజ పౌనఃపున్యం (దానంతట అది సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్య) దాదాపు 3.1 హెర్ట్జ్ అవుతుంది. అంత ఎత్తున్న డ్యామ్ సొంత పౌనఃపున్యం కూడా దృఢమైన పునాది మీద ఇంచుమించు అక్కడే ఉంటుంది. రెండూ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు సంపీడ్యతను వదిలేస్తే వచ్చే సమాధానాన్ని నేను నమ్మను. జలాశయం అడుగున పేరుకున్న మేట పీడన తరంగాలను ఎంత మేరకు తిప్పి పంపుతుందో తెలిపే పరావర్తన గుణకాన్ని కూడా ప్రోగ్రామ్ అడుగుతుంది. దాన్ని 1 అని ఇస్తే శక్తి అడుగు గుండా బయటికి పోయే దారి మూసుకుపోయి, ముఖ్యంగా నిలువు కంపనానికి స్పందన అసహజంగా పెరిగిపోతుంది. అందుకే ఒక్క విలువతో సరిపెట్టుకోకుండా 0.9, 0.75, 0.5 విలువలతో మూడు సార్లు నడిపి, ప్రతిబలాల (కాంక్రీట్ లోపల పుట్టే ఒత్తిళ్ల) వ్యాప్తిని నివేదికలో చూపుతాను.

పునాదిని ద్రవ్యరాశి ఉన్న అనంత శిలగా తీసుకోవడం దీనిలోని మరో మేలు. ద్రవ్యరాశి లేని పునాది నమూనాలో కంపన శక్తి దూరంగా ప్రసరించిపోయే వీలు ఉండదు కాబట్టి ప్రతిబలాలు ఎక్కువగా వస్తాయి. ఆ ఫలితాల మీద ఆధారపడి, అవసరం లేని చోట డ్యామ్‌ను బలపరిచే ఖర్చు నెత్తిన పెట్టుకోవాల్సి రావచ్చు. అయితే ఇక్కడి శిల అంతా ఒకే తీరుగా ఉండాలి. పొరలు, భ్రంశాలు ఉన్న చోట దీనితో పని జరగదు.

వాడకంలో సౌకర్యం మాత్రం ఆశించకండి. ఇన్‌పుట్ ఫైల్ ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత పద్ధతిలో, ప్రతి అంకెకూ నిర్ణీత స్థానంతో ఉంటుంది. అంకె ఒక్క నిలువు వరుస పక్కకు జరిగినా ప్రోగ్రామ్ పల్లెత్తు మాట అనకుండా వేరే విలువను చదువుకుంటుంది. లెక్క పౌనఃపున్యాలలో సాగుతుంది కనుక భూకంప రికార్డు చివర తగినన్ని సున్నాలు చేర్చాలి, లేదంటే స్పందన తోక తిరిగి మొదట్లోకి వచ్చి కలుస్తుంది.

అసలు పరిమితి, ఇది రేఖీయ విశ్లేషణ (కాంక్రీట్ పగలదని, బలం పెరిగిన నిష్పత్తిలోనే స్పందన పెరుగుతుందని అనుకునే లెక్క) కావడం. 1967 డిసెంబరులో భూకంపం వచ్చినప్పుడు మహారాష్ట్రలోని 103 మీటర్ల ఎత్తైన కోయినా డ్యామ్‌లో దిగువ ముఖపు వాలు మారే ఎత్తు దగ్గర పగుళ్లు వచ్చాయి. తన్య ప్రతిబలం (సాగదీసే ఒత్తిడి) కాంక్రీట్ బలాన్ని మించేది ఆ ప్రాంతంలోనే అని రేఖీయ లెక్క చెప్పగలదు గానీ, పగులు ఎంత లోతుకు పోతుందో చెప్పలేదు. దానికి పగుళ్లను కూడా లెక్కలోకి తీసుకునే అరేఖీయ నమూనా కావాలి. 1998లో లీతో కలిసి అలాంటి కాంక్రీట్ నమూనాను ఇచ్చింది ఈ ఫెన్వెసే కావడం విశేషం. అయితే ఆ నమూనాలలో పగులు లోతు మెష్ (ఎలిమెంట్ల వల) పరిమాణం మీద, భంగ శక్తి (పగులు సాగడానికి ఖర్చయ్యే శక్తి) విలువ మీద, పగిలిన ఎలిమెంట్లలో డ్యాంపింగ్‌ను (కంపనాన్ని అణిచే గుణాన్ని) తగ్గించామా లేదా అన్న దాని మీద మారుతూ ఉంటుంది. కాబట్టి పెద్ద సాఫ్ట్‌వేర్‌లో పగుళ్లను ఆపి ఉంచి నడిపిన ఫలితం ఈఏజీడీ-84 ఫలితంతో సరిపోలేదాకా పగుళ్ల జోలికి వెళ్లను.

ఇరుకైన లోయల్లో బ్లాకుల మధ్య కీళ్లు బలాన్ని పక్కకు పంపే డ్యామ్‌లకు ఈ ద్విమితీయ ప్రోగ్రామ్‌ను సిఫారసు చేయను. అక్కడ మొదటి నుంచీ త్రిమితీయ నమూనాతోనే పని మొదలుపెట్టాలి.