ఐఓఎం సేవ: జాబితా బాగుంది, అసలు పరీక్ష జైలు గేటు బయటే

ఇంగ్లండ్, వేల్స్‌లో దొంగతనాలు, దోపిడీలు చేసి పదేపదే జైలుకెళ్లి వచ్చేవారిని పోలీసులు, శిక్షపడినవారిని జైలు బయట పర్యవేక్షించే ప్రొబేషన్ శాఖ కలిసి కనిపెట్టుకుని ఉండే సేవ ఇంటిగ్రేటెడ్ అఫెండర్ మేనేజ్‌మెంట్. వాడుకలో ఐఓఎం. 2009లో మొదలైంది, మధ్యలో నీరసపడింది, 2020 డిసెంబరులో కొత్త వ్యూహంతో మళ్లీ గాడిన పడింది. కాగితం మీద దీనికి పెద్దగా వంక పెట్టలేం. అమలు మాత్రం ఊరికో తీరు.

ముందు ఎంపిక సంగతి. ఇందులో ఫిక్స్‌డ్, ఫ్లెక్స్, ఫ్రీ అని మూడు వరుసలు. ఇళ్లలో చోరీ, దోపిడీ, జేబుదొంగతనం, వాహన చోరీ వంటివి చేసి, మళ్లీ చేసే అవకాశం ఎక్కువని ఓజీఆర్‌ఎస్ అనే ముప్పు అంచనా స్కోరు తేల్చినవారు మొదటి వరుసలోకి వస్తారు. రెండో దానిలో కొంత వెసులుబాటు ఉంటుంది, మూడోది పూర్తిగా స్థానిక నిర్ణయం. జాబితా ఇంత బిగువుగా ఉండటం ఈ సేవకు మొదటి బలం. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఓజీఆర్‌ఎస్ చూసేది వయసు, లింగం, పాత నేరాల చిట్టా. మనిషికి ఇల్లు ఉందా, మత్తు మానాడా అన్నది దానికి తెలియదు. కాబట్టి ఎవరిని చేర్చుకోవాలో అది చెబుతుంది, చేర్చుకున్నాక ఏం చేయాలో చెప్పదు. ఆ స్కోరు తగ్గలేదని మనిషిని ఏళ్ల తరబడి జాబితాలోనే ఉంచేసే చోట్ల పొరపాటు ఇక్కడే జరుగుతోంది.

కేసుల సమావేశంలో పోలీసు, ప్రొబేషన్, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) గృహ విభాగం, మత్తు చికిత్స సంస్థ కూర్చుంటాయి. ముప్పును బట్టి ఒక్కో మనిషికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగు వేస్తారు. ఈ సమావేశం పనికొచ్చేదో కాదో తేల్చడానికి మినిట్స్ చూస్తే చాలు. ప్రతి పనికీ ఎదురుగా ఒక పేరు, ఒక తేదీ ఉండాలి. ‘గృహ విభాగంతో మాట్లాడాలి’ అని పేరు లేకుండా రాసిన పని వచ్చే నెల కూడా అక్కడే ఉంటుంది. పోలీసులు, ప్రొబేషన్ ఒకే గదిలో పనిచేసే చోట సగం సమస్యలు సమావేశం దాకా రావు. ఇంకో లోపం, విడుదల షరతులు తప్పి రీకాల్ మీద జైలుకు వెనక్కి వెళ్లినవారి పేరు కొట్టేయడం. వచ్చే విడుదలకు ఏర్పాట్లు మొదలుపెట్టాల్సింది సరిగ్గా అప్పుడే.

ఇక ఇల్లు. ఈ సేవ ఎక్కువగా తడబడేది ఇక్కడే. 2018 అక్టోబరు నుంచి జైళ్లు, ప్రొబేషన్ శాఖ నిరాశ్రయులు కాబోయేవారి వివరాలను, వారి సమ్మతితో, వారు ఎంచుకున్న కౌన్సిల్‌కు పంపడం ఇంగ్లండ్‌లో చట్టబద్ధమైన బాధ్యత. 56 రోజుల్లో గూడు పోతుందన్నప్పుడే కౌన్సిల్ సాయానికి అర్హత మొదలవుతుంది. చాలాచోట్ల కాగితం చివరి వారంలో వెళ్తుంది. ఆ మనిషికి తమ ప్రాంతంతో సంబంధం ఉందా లేదా అని కౌన్సిల్ తేల్చేలోపు మనిషి గేటు బయట ఉంటాడు. ఆ ఖాళీని పూడ్చడానికి 2021లో సీఏఎస్-3 అనే వసతి పథకం వచ్చింది, 84 రాత్రుల దాకా తాత్కాలిక వసతి ఇస్తుంది. మంచి ఏర్పాటే. కానీ 85వ రాత్రికి ఎక్కడుంటాడన్న పని మొదటి వారంలోనే మొదలుకావాలి. పదో వారంలో మొదలుపెడితే అయ్యే పని కాదు.

విడుదల రోజు కూడా చిన్న విషయం కాదు. శుక్రవారం మధ్యాహ్నం బయటికొస్తే సోమవారం దాకా కౌన్సిల్ ఆఫీసు ఉండదు, మందులు రాసే క్లినిక్ ఉండదు. అందుకే 2023లో చట్టం తెచ్చి, అలాంటివారిని ఒకటి రెండు రోజులు ముందే వదలడానికి వీలు కల్పించారు. అయితే అది దానంతట అదే వర్తించదు, ఫలానా మనిషికి అవసరమని ఎవరో ఒకరు ముందుగా కదిలించాలి. విడుదల గ్రాంటు చాలా ఏళ్లు 46 పౌండ్ల దగ్గరే నిలిచిపోయి, 2021 ఆగస్టులో 76 అయింది. ప్రభుత్వ భృతి అయిన యూనివర్సల్ క్రెడిట్ మొదటి చెల్లింపుకు ఐదు వారాలు పడుతుంది. ముందస్తు సొమ్ము అడగొచ్చు, కానీ అది అప్పు, తర్వాత కోసుకుంటారు. బ్యాంకు ఖాతా, గుర్తింపు పత్రం జైల్లో ఉండగానే సిద్ధం చేయకపోతే ఆ ముందస్తు కూడా ఆలస్యమే.

హెరాయిన్ వ్యసనానికి ఇచ్చే మెథడోన్ మీద ఉన్నవారికి చికిత్స అపాయింట్‌మెంట్ విడుదలైన రోజే ఉండాలి. జైల్లో వాడకం తగ్గి ఒళ్లు తట్టుకునే శక్తి పడిపోతుంది, బయటికొచ్చాక మత్తుమందు పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోవచ్చు. చేతికి మోతాదు మించినప్పుడు విరుగుడుగా వాడే నాలోక్సోన్ ఇచ్చి పంపడం తప్పనిసరి అనుకోవాలి. చికిత్సలో చేరారా లేదా అని అధికారికంగా లెక్కించే గడువు మూడు వారాలు. ప్రమాదం మాత్రం మొదటి రోజుల్లోనే ఎక్కువ.

ఉద్యోగం విషయంలో ఆధారం బలంగానే ఉంది. 2013లో న్యాయ మంత్రిత్వ శాఖ ప్రచురించిన విశ్లేషణలో, ఏడాదిలోపు శిక్ష అనుభవించి పనిలో చేరినవారిలో మళ్లీ నేరం చేసినవారి శాతం, అలాంటి నేపథ్యమే ఉండి పని దొరకనివారితో పోలిస్తే 9.4 పాయింట్లు తక్కువ. ఇక నిఘా. దొంగల కాలికి జీపీఎస్ పట్టీ కట్టడం 2021 ఏప్రిల్‌లో ఆరు పోలీసు ప్రాంతాల్లో మొదలైంది. నేరం జరిగిన చోటుతో మనిషి జాడను పోల్చి చూస్తారు. ఇది ఇరికించడానికే కాదు, అనుమానం తప్పని తేల్చడానికీ పనికొస్తుంది. దీన్ని పెట్టుకునేవారికి ముందే చెప్పాల్సిన మాట అది, చాలామంది చెప్పరు.

ఫలితం కొలిచే తీరు మీద గట్టి అభ్యంతరం ఉంది. అధికారిక లెక్క ఏడాది పాటు చూసి, శిక్ష ఖరారు కావడానికి ఇంకో ఆరు నెలలు ఆగుతుంది. పైగా ‘చేశాడా, లేదా’ అన్నదే ప్రధాన అంకె. ఏడాదికి నలభై దొంగతనాల నుంచి నాలుగుకు దిగినవాడు కూడా అందులో విఫలుడే. 2010లో పీటర్‌బరో జైలు దగ్గర పెట్టుబడిదారుల సొమ్ముతో మొదలైన పథకం నేరాల సంఖ్యను లెక్కపెట్టింది. ఏడాదిలోపు శిక్ష పడిన పురుషులకు, ఇష్టమైతేనే చేరేలా, జైలు గేటు దగ్గర నుంచే తోడుండే ఏర్పాటు అది. పోలిక బృందం కంటే 9 శాతం తగ్గుదల చూపి, 7.5 శాతం లక్ష్యం దాటి, పెట్టుబడి పెట్టినవారికి సొమ్ము వెనక్కిచ్చింది. ఐఓఎం కూడా అదే కొలత పెట్టుకోవాలి.

2014లో ప్రొబేషన్‌ను విడగొట్టి ఒక భాగాన్ని 21 ప్రైవేటు కాంట్రాక్టులకిచ్చి, 2021 జూన్‌లో మళ్లీ ఒకటి చేశారు. ఆ ఏడేళ్లలో తెగిన స్థానిక పరిచయాలు ఇంకా అన్నిచోట్లా అతుక్కోలేదు. సిబ్బంది తరచూ మారే ఆఫీసులో ఎంత మంచి ఒప్పంద పత్రం ఉన్నా ఫోను ఎవరికి చేయాలో తెలియదు.

ఎంపికకు మంచి మార్కులు, పోలీసు–ప్రొబేషన్ జోడీకి అంతకంటే మంచి మార్కులు, వసతికి బొటాబొటి. కొత్తగా ఇందులో చేరే కౌన్సిల్ సంతకం పెట్టే ముందు మూడు తేల్చుకోవాలి: 85వ రాత్రి గది ఎవరి ఖర్చు, శుక్రవారం విడుదల మార్చమని రాసేది ఎవరు, మెథడోన్ చీటీ ఎవరి నుంచి ఎవరికి చేరుతుంది.