రై ఊళ్ళో మెర్మెయిడ్ ఇన్: గది కన్నా ముందు దూలాలు చూడండి

లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు పాత ఇంగ్లండ్ చూడాలంటే కోటలకే పరిగెడతారు. నన్నడిగితే ఈస్ట్ ససెక్స్‌లోని రై వెళ్ళి మెర్మెయిడ్ ఇన్ అనే పాతకాలపు హోటల్లో ఒక్క రాత్రి ఉండండి. సెయింట్ పాంక్రాస్‌లో రైలెక్కి యాష్‌ఫర్డ్‌లో మారడమే. వీధంతా గుండ్రాళ్ళు, పైగా ఎత్తు, అందుకని చక్రాల సూట్‌కేసు వద్దు, భుజానికి తగిలించుకునే బ్యాగు చాలు.

నేలమాళిగ 1156 నాటిదని చెబుతారు. 1377లో ఫ్రెంచివాళ్ళు ఊరిని తగలబెట్టి పోయారు, ఇప్పుడు మనం చూసే ఇల్లు 1420లో మళ్ళీ కట్టింది. అప్పట్లో రై రేవు పట్టణం కాబట్టి పాత ఓడల కలప, ససెక్స్ ఓక్ దుంగలు వాడారట, ఫైర్‌ప్లేసులకేమో ఓడలు బరువు కోసం అడుగున వేసుకొచ్చిన ఫ్రెంచి రాయి చెక్కారట. తర్వాత ఒండ్రు మేటవేసి సముద్రం రెండు మైళ్ళ అవతలికి పోయింది. రేవు పోయింది గానీ ఆ కర్ర మాత్రం ఇంకా ఇంటిని మోస్తూనే ఉంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ దూలాల వంకరతనమే. ఓక్‌ని పచ్చిగా ఉండగానే చెక్కి బిగించేవాళ్ళు, ఆరిందంటే ఉలి దిగదు మరి. బిగించాక అది ఏళ్ళ తరబడి ఆరుతూ మెలి తిరుగుతుంది, అయినా కొయ్యమేకులతో కలిపిన అతుకులు కాబట్టి ఊడవు, ఇంకా బిగుసుకుంటాయి. మంచం పక్కన నిలువుకర్ర మీద చెయ్యి వేసి చూశాను, బాడిస దెబ్బలు చేపపొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఒక కొయ్యమేకు తల కాస్త బయటికొచ్చి, చేతులు తగిలి తగిలి నున్నగా అయిపోయింది. ఆ కాలంలో కర్రల మధ్య ఖాళీల్లో తడిక అల్లి మట్టి మెత్తేవాళ్ళు, మా అమ్మమ్మగారి ఊళ్ళో పశువుల కొట్టం గోడ కూడా సరిగ్గా ఇలాగే ఉండేది.

1730, 40ల్లో హాక్‌హర్స్ట్ ముఠా అనే దొంగరవాణాదారులు ఇక్కడే పిస్తోళ్ళు బల్లమీద పెట్టుకుని తాగేవారట. ఒక గదిలో పుస్తకాల అల్మరా వెనక రహస్య మెట్లు కూడా ఉన్నాయి!

నేల ఒక పక్కకి వాలి ఉంటుంది, పొడుగువాళ్ళు గుమ్మాల దగ్గర వంగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వస్తుంటే ఎన్ని మెట్లెక్కాలో బుక్ చేసేటప్పుడే అడగండి. బస కుదరకపోయినా జెయింట్స్ ఫైర్‌ప్లేస్ బార్‌కి వెళ్ళండి, చలికాలం సాయంత్రం ఆ మంట దగ్గరి బల్ల దొరికితే మాత్రం అస్సలు వదలకండి.